మా ఆయన మళ్ళీ ఖార్టూమ్ వెళ్తానంటున్నారు

జీడిమెట్ల పారిశ్రామికవాడ పక్క కాలనీ నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. వయసు 39. మెట్టినిల్లు జగిత్యాల దగ్గర పల్లె. భర్త ఐటీఐ చదివి ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ పని నేర్చుకున్నవారు. సూడాన్ రాజధాని ఖార్టూమ్‌లో, బ్లూ నైలు నదికి ఉత్తరాన బహ్రీ అనే వైపు, ఒక ప్లాస్టిక్ ఫ్యాక్టరీలో పనిచేసేవారు. కొన్నాళ్ళకు భార్యనూ కూతురినీ అక్కడికే తీసుకెళ్ళారు. ఆయన జీతం డాలర్లలో వచ్చేది. ఈవిడ ఇంట్లో వండి, కుటుంబాలు లేకుండా ఉంటున్న మనవాళ్ళకు క్యారియర్లు పంపేవారు. "పెద్దగా మిగల్లేదు గానీ ఎవరి ముందూ చెయ్యి చాపలేదు" అని రాశారు.

2023 ఏప్రిల్ 15, శనివారం, రంజాన్ నెల. ఫ్యాక్టరీకి సెలవు. పొద్దున మొదలైన కాల్పులు సాయంత్రానికీ ఆగలేదు. అప్పటిదాకా కలిసి దేశాన్ని ఏలిన ఇద్దరు జనరళ్ళు, సైన్యాధిపతి బుర్హాన్, ఆర్‌ఎస్‌ఎఫ్ అనే పారామిలటరీ దళం నాయకుడు హెమెద్తీ, ఊరి మధ్యలోనే తలపడ్డారు. బహ్రీకి నీళ్ళిచ్చే ప్లాంటు మొదటి రోజుల్లోనే ఆగిపోయింది. కరెంటు పోయింది. పక్క ఫ్లాట్ సూడానీ ఆవిడ తన డ్రమ్ములోని నీళ్ళను రెండిళ్ళకూ జగ్గుతో కొలిచి పంచారు. పాపకు అప్పుడు పన్నెండేళ్ళు. చివరికి బస్సులో పోర్ట్ సూడాన్, అక్కడి నుంచి నేవీ ఓడలో జెడ్డా, ఆ తర్వాత విమానంలో ఢిల్లీ చేరారు. ఆపరేషన్ కావేరి కింద బయటపడిన 3,800 మందికి పైగా మనవాళ్ళలో ఈ ముగ్గురూ ఉన్నారు. ఇల్లంతా వదిలేసి ఒక్క సూట్‌కేసుతో వచ్చారు.

అప్పటి నుంచి ఈవిడ అన్నయ్య ఇంట్లో, పై పోర్షన్‌లో ఉంటున్నారు. అన్నయ్య అద్దె తీసుకోరు. భర్త ఇక్కడి ఒక చిన్న యూనిట్‌లో షిఫ్టు డ్యూటీకి చేరారు, జీతం 21 వేలు. రాత్రి రెండింటిదాకా ఫోన్లో సూడాన్ వీడియోలు చూస్తూ కూర్చుంటారు. పాప ఇప్పుడు పదో తరగతి. రోజూ పడుకునే ముందు ఇంట్లో ఉన్న బకెట్లూ బిందెలూ, తాగి పడేసిన కూల్‌డ్రింక్ సీసాలతో సహా, అన్నీ నింపి పెడుతుంది. నల్లా రోజు విడిచి రోజు వచ్చే ఇల్లది. బట్టలు నానబెడదామంటే వదినకు ఒక్క బకెట్టూ ఖాళీగా దొరకదు. దీపావళి రాత్రి పాప బాత్రూమ్‌లో తలుపేసుకుని కూర్చుంటే మేనమామ పిల్లలు నవ్వారు.

2025 మార్చిలో సైన్యం ఖార్టూమ్‌ను తిరిగి పట్టుకుంది. ఏప్రిల్‌లో ఫ్యాక్టరీ యజమాని నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది: మెషిన్లు మళ్ళీ నడపబోతున్నాం, నువ్వు వస్తే పాత ఐదు నెలల జీతం బాకీ కూడా ఇచ్చేస్తాను అని. భర్త దానికి జవాబివ్వలేదు. దసరాకు చుట్టాలంతా కూర్చున్నప్పుడు అన్నయ్య, "డాలర్లలో జీతం ఇస్తానని పిలుస్తుంటే ఇక్కడ ఇరవై వేలకు షిఫ్టులు చేసుడేంది బావా" అన్నారు. ఆ వారంలోనే భర్త, "టికెట్ చూస్తున్నా, జనవరిలో పోతా" అన్నారు. అత్తయ్య ఊరి నుంచి ఫోన్ చేసి, "మనూళ్ళె దేశం పోని మొగోడు ఎవడున్నడు? నువ్వే అడ్డం పడుతున్నవా?" అని అడిగారు. ఈలోగా నీళ్ళు పంచిన ఆ పక్కింటావిడ, ఇప్పుడు కైరోలో తలదాచుకుంటున్నారు, తన పెద్ద కొడుకును హైదరాబాద్‌లో చదివించడానికి వీలుంటుందా అని అడిగారు. ఉత్తరం చివర్లో: "ఆపితే ఆయన బతుకుదెరువు చెడగొట్టినదాన్ని అవుతా. పంపితే పాప ఏమవుతుందో. నేను బాగానే ఉన్నాను, ఈ ఒక్కటి చెప్పండి, ఆపాలా పంపాలా?"

సమాధానం:

అమ్మా,

మీరు ఏది ఎప్పుడు జరిగిందో తేదీలతో సహా రాశారు. దాని వల్ల నాకొకటి కనబడింది. యజమాని మెసేజ్ ఏప్రిల్‌లో వచ్చింది. మీ ఆయన అప్పుడు వెళ్తాననలేదు. మేలో అనలేదు, వానాకాలం అంతా అనలేదు. దసరాకు నలుగురిలో ఆ మాట పడ్డాక, ఆ వారంలోనే అన్నారు. ఆ వారం ఖార్టూమ్‌లో కొత్తగా మంచి జరిగిందేమీ లేదు. జరిగిందల్లా మీ ఇంట్లోనే. అందుకే ఆయన ఖార్టూమ్‌కు వెళ్ళాలనుకోవడం కంటే బావగారి ఇంట్లోంచి బయటపడాలనుకోవడమే ఎక్కువని నాకనిపిస్తోంది. నా ఊహ తప్పయితే ఆయనే చెప్తారు. ముందు అడిగి చూడండి.

అడగడం అంటే "ఎందుకు పోతున్నావు" అని కాదు. ఆ ప్రశ్నకు మగవాళ్ళ దగ్గర రెడీమేడ్ జవాబు ఉంటుంది: డబ్బు. "ఇదే జీతానికి మనం వేరే ఇంట్లో ఉంటే అప్పుడు కూడా పోతావా?" అని అడగండి. ఆయన వెంటనే పోతానంటే అది ఒక రకం సంగతి. కాసేపు మాట్లాడకుండా ఉండిపోతే మీకు సగం జవాబు దొరికినట్టే.

మన దగ్గర భార్య పుట్టింటివాళ్ళ ఇంట్లో మగవాడు నెల ఉంటే చుట్టం. రెండున్నరేళ్ళుంటే, ఎవరూ ఏమీ అనకపోయినా, ప్రతి పూటా ఏదో విన్నట్టే ఉంటుంది. కరెంటు బిల్లు ఎవరు కట్టారు, గ్యాస్ బండ ఎవరు తెప్పించారు, వదిన ఇవాళ ఎందుకు ముభావంగా ఉంది? మీకది పుట్టిల్లు కాబట్టి ఇవేవీ అంతగా తగలవు. ఆయనకు తగులుతాయి. ఖార్టూమ్‌లో ఆయన ఫ్యాక్టరీ మొత్తానికి కరెంటు మనిషి. ఇక్కడ బావగారి పై పోర్షన్‌లో ఉండే మనిషి.

అలాగని మీ అన్నయ్యను నేను తప్పుపట్టను. అద్దె లేకుండా ఇన్నాళ్ళు ఇల్లిచ్చినవాళ్ళు ఈ రోజుల్లో ఎంతమంది? ఆయన అన్న మాట కటువైనదే గానీ, ఆయనకు తెలిసిన సంగతెంత? కొన్నాళ్ళు ఇబ్బంది పడ్డారు, ప్రభుత్వం విమానం పంపింది, క్షేమంగా దిగారు. ఆ రోజు టీవీలో అందరూ చూసింది అదే కదా. ఆ ఫ్లాట్‌లో మీరు ఏం తిన్నారో, పాపను ఏ గోడ పక్కన పడుకోబెట్టారో, బస్సు దారిలో చెక్‌పోస్టుల దగ్గర ఏం జరిగిందో ఇంట్లో ఎవరికీ చెప్పలేదని మీరే రాశారు. ఒక రోజు కూర్చుని అన్నయ్యకూ వదినకూ చెప్పండి. మీ ఆయన చెప్పరు, ఆయన్ను చెప్పమనకండి కూడా. మీరు చెప్పండి. ఫిర్యాదులా వద్దు. జరిగింది జరిగినట్టు చెబితే చాలు. బకెట్ల గొడవ సగం అక్కడే తీరిపోవచ్చు.

ఇక ఖార్టూమ్ సంగతి. నాకు యుద్ధం టీవీలోనే తెలుసు, మీరు అందులో బతికి వచ్చారు. కాబట్టి భయపెట్టడానికి నేనేమీ కొత్తగా చెప్పను. మీ ఆయనకు న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి: తిరిగి వెళ్ళాలనుకునేది ఆయనొక్కరే కాదు. సైన్యం పట్టుకున్నాక సూడాన్‌వాళ్ళే లక్షల మంది ఖార్టూమ్‌కు తిరిగి వస్తున్నారు. పక్కింటావిడ చెప్పినట్టు మీ ఫ్లాట్ గోడల్లోంచి వైర్లు కూడా పీక్కుపోయారంటే, అది మీ ఒక్క ఇంటి సంగతి కాదు. రాగి కోసం ఊరంతా అలాగే తవ్వేశారు. అలాంటి ఊళ్ళో కరెంటు పని తెలిసినవాడికి పని ఉండదని ఎవరూ అనలేరు.

కానీ పని ఉండటం వేరు, బతకగలిగేలా ఉండటం వేరు. సైన్యం వచ్చిన రెండు నెలలకే అక్కడ కలరా ప్రబలింది. కారణం మీకు బాగా తెలుసు, నీళ్ళ ప్లాంట్లూ వాటికి కరెంటూ లేకపోవడం. ఆర్‌ఎస్‌ఎఫ్ ఊరు వదిలి వెళ్ళినా డ్రోన్లతో కొడుతూనే ఉంది, అందులోనూ కరెంటు కేంద్రాలనే ఎంచుకుని. మీ ఆయన పని ఆ కరెంటుతోనే. 2025 మే నెలలో పోర్ట్ సూడాన్‌లో ఇంధనం ట్యాంకుల మీదా విమానాశ్రయం మీదా డ్రోన్లు పడ్డాయి. అంతకుముందు అది యుద్ధం తాకని ఊరని అందరూ అనుకున్నారు, మన ఎంబసీ కూడా అక్కడికే మారింది. అక్టోబర్‌లో ఖార్టూమ్ విమానాశ్రయంలో మొదటి పౌర విమానం దిగిన వారంలోనే ఆ పరిసరాల్లో మళ్ళీ డ్రోన్లు. అదే నెల చివర్లో పశ్చిమాన ఎల్ ఫాషర్ పట్టణం ఏడాదిన్నర ముట్టడి తర్వాత ఆర్‌ఎస్‌ఎఫ్ చేతికి చిక్కింది. ఆ తర్వాత పోరు కొర్దోఫాన్ వైపు మళ్ళింది, అంటే దేశం నడిబొడ్డుకు. యుద్ధం అయిపోయిందని యజమాని అనడానికీ, అయిపోవడానికీ తేడా ఉంది.

ఆ బాకీ గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది, దాచుకోను. "వస్తే ఇస్తా" అన్న బాకీని బాకీ అనరు, ఎర అంటారు. యజమాని నిజంగా ఇవ్వగలిగినవాడైతే, కొంతైనా ఇప్పుడే ఇవ్వగలడు. సూడాన్ వ్యాపారులు చాలామంది యుద్ధం మొదలయ్యాక కుటుంబాలనూ లెక్కలనూ కైరోకో దుబాయ్‌కో మార్చేశారు. అక్కడి నుంచి ఇండియా ఖాతాకు డాలర్లు పంపడం కష్టమేమీ కాదు. కాబట్టి మీ ఆయనతో ఇలా అనండి: "పోయేదా వద్దా అనే ముచ్చట తర్వాత. ముందు పాత బాకీలో సగం ఇక్కడి ఖాతాలో వెయ్యమను." దీని మీద మీ ఇద్దరికీ గొడవ వచ్చే అవకాశం తక్కువ. డబ్బు పడితే మంచిదే. పడకపోతే వచ్చే జీతం గురించి కూడా ఆయనకు మీరు చెప్పకుండానే తెలుస్తుంది.

ఏ కరెన్సీలో ఇస్తారన్నదీ తేల్చుకోవాలి. యుద్ధానికి ముందు డాలరుకు ఆరు వందల సూడాన్ పౌండ్ల దగ్గర ఉండేది. 2025లో బయటి మార్కెట్‌లో మూడు వేలు దాటింది. పాత బాకీని పాత పౌండ్ల లెక్కన చేతిలో పెడితే అందులో ఐదో వంతు కూడా మిగలదు. అలాగే, ఫ్లాట్‌లో బీరువా వెనక దాచిన నోట్ల గురించి మీరు రాశారు. దొంగలు వదిలేసి ఉన్నా వాటిమీద ఆశ పెట్టుకోకండి. 2024 చివర్లో అక్కడ 500, 1000 పౌండ్ల పాత నోట్లను మార్చేశారు. మన 2016 నవంబర్ గుర్తుందిగా.

ఇవన్నీ విన్నాక కూడా ఆయన వెళ్తానంటే? వెళ్ళొచ్చు. ఆయన పెద్దవాడు, బతుకుదెరువు ఆయనది. అప్పుడు మీరు "పో" అనో "వద్దు" అనో కాకుండా, కొన్ని పనులు ముందు జరగాలని పట్టుబట్టండి. ఉద్యోగ ఒప్పందం కాగితం మీద ఉండాలి, జీతం డాలర్లలో, జమ ఇండియాలో. పాస్‌పోర్టు తన దగ్గరే ఉంచుకుంటాడని అందులో రాయాలి. ఎంబసీ యుద్ధం మొదలయ్యాక ఖార్టూమ్ నుంచి పోర్ట్ సూడాన్‌కు మారింది, మధ్య ఎనిమిది వందల కిలోమీటర్ల రోడ్డు. ఈసారి అవసరమైతే ఎలా బయటపడాలో వెళ్ళకముందే అనుకోవాలి. ఆయన పది పాసైనవారు కాబట్టి పాస్‌పోర్టు మీద ఈసీఆర్ ముద్ర, అంటే పనికి వెళ్ళేముందు ప్రభుత్వ క్లియరెన్స్ కావాలనే ముద్ర, ఉండదు. అంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్‌తో పాటు తీసుకునే ప్రవాసీ భారతీయ బీమా, ఆ పది లక్షల రక్షణ, ఆయనకు దానంతటది రాదు. ఇక్కడ ఉన్న పాలసీలు తీసి చూడండి. ప్రమాద బీమా పాలసీలు సాధారణంగా యుద్ధంలో జరిగిన నష్టానికి డబ్బివ్వవు. కంపెనీకి మెయిల్ రాసి, జవాబు రాతలోనే తెప్పించుకోండి. బ్యాంకు ఖాతాలకూ పీఎఫ్‌కూ నామినీ ఎవరో సరిచూసుకోండి. ఇలాంటివి మాట్లాడితే అశుభం అంటారు అత్తయ్య. అననివ్వండి.

జనవరి ప్రయాణం మాత్రం నాకు నచ్చలేదు. మార్చిలో పాపకు పదో తరగతి పరీక్షలు. నాన్న జనవరిలో విమానమెక్కితే ఆ పిల్ల పుస్తకం చూస్తుందా, ఫోన్ చూస్తుందా? ఏప్రిల్ వరకు ఆగమని అడగడం అన్యాయం కాదు. ఆలోపు బాకీ సంగతీ తేలుతుంది, అక్కడి సంగతీ ఇంకొంచెం తెలుస్తుంది. రెండున్నరేళ్ళు ఆగిన యజమాని మూడు నెలలు ఆగలేనంటే ఆయన తొందర ఎందుకో ఆలోచించాలి.

గల్ఫ్ ఇంకో దారి. ఆయన పనికి ఖతర్‌లోనో ఒమాన్‌లోనో గిరాకీ ఉంటుంది, కుటుంబం ఇక్కడ స్థిరంగా ఉంటుంది. జగిత్యాల కోడలికి గల్ఫ్ ఏజెంట్ల గురించి నేను చెప్పేదేముంది? రిజిస్టర్డ్ ఏజెంట్ 30 వేలు, దాని మీద జీఎస్టీ, అంతకంటే ఎక్కువ తీసుకోకూడదన్నది నిబంధన. లక్షలు అడిగితే అక్కడే లేచి వచ్చేయండి. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌లో కూడా పేరు నమోదు చేసుకోవచ్చు. అయితే ఇది రెండు మూడు నెలల పని, పైగా పాపకు మళ్ళీ నాన్న దూరమే.

నేనైతే ముందు చూసే దారి మరొకటి. హైదరాబాద్‌లోనే ఉండి, ఆ ఇంట్లోంచి బయటికి రావడం. చింతల్‌లోనో సూరారంలోనో ఒక సింగిల్ బెడ్‌రూమ్ పోర్షన్, పాప బడికి దగ్గరలో. 21 వేల జీతంలో అద్దె పోతే నెలాఖరు ఈడ్చడం కష్టమే, తెలుసు. అందుకే మీ క్యారియర్ల సంగతి అడుగుతున్నాను. ఖార్టూమ్‌లో ఎండు చింతపండు దొరకని రోజుల్లో కూడా పులుసు పెట్టి పంపానని రాశారు, ఆ వాక్యం ఒక్కటే ఉత్తరంలో మీరు సంతోషంగా రాసింది. జీడిమెట్ల చుట్టూ బీహార్, ఒడిశా, శ్రీకాకుళం నుంచి వచ్చిన కుర్రాళ్ళు గదుల్లో ఉంటారు, రెండు షిఫ్టులు చేస్తారు. కర్రీ పాయింట్ పెట్టాలంటే షాపు అడ్వాన్సు కావాలి, అది తర్వాత చూడొచ్చు. పది క్యారియర్లతో ఇంట్లోంచే మొదలుపెట్టొచ్చు. ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ చిన్న వ్యాపారాలకు ఏడాదికి వంద రూపాయలే. మీ ఆయన యూనిట్‌లోవాళ్ళే మొదటి గిరాకీ అవుతారు.

దీనికీ మూల్యం ఉంది. అన్నయ్య నొచ్చుకుంటారు, "ఒక మాటకే ఇల్లు వదిలిపోతారా" అంటారు. అద్దె ఇల్లు వెతికాక చెప్పడం కంటే ముందే, ఆయన్నే సలహా అడుగుతున్నట్టు వెళ్ళండి: ఎక్కడ తీసుకుంటే బాగుంటుంది, అడ్వాన్సుకు సర్దగలవా అని. ఇల్లు చూసిపెట్టే పని అన్నగారికి అప్పజెబితే కోపం సగం దారిలోనే చల్లారుతుంది. వేరే ఇంట్లో ఆరు నెలలు ఉన్నాక కూడా మీ ఆయనకు ఖార్టూమే కావాలనిపిస్తే, అప్పుడది నిజంగా ఖార్టూమ్ ప్రశ్న. అప్పుడు తీసుకునే నిర్ణయం మీద నాకు నమ్మకం ఎక్కువ.

పాప గురించి. మీరు అందరికంటే ఎక్కువగా ఆమె గురించే రాశారు, కానీ ప్రశ్నలో పెట్టలేదు.

బకెట్లు నింపడం పిచ్చి కాదు, చేష్టలు కాదు. నీళ్ళు ఆగిపోయిన ఇంట్లో ఆ పిల్ల పన్నెండేళ్ళ వయసులో నేర్చుకున్న పాఠం అది, అప్పుడది సరైన పాఠమే. ఊరు మారినా ఆమె ఒంటికి ఆ కబురు ఇంకా చేరలేదు. పైగా మీరుండే చోటు చూడండి. దుండిగల్, హకీంపేట రెండూ దగ్గరే. ఎయిర్‌ఫోర్స్ శిక్షణ విమానాలు పగలంతా నెత్తి మీద తిరుగుతుంటాయి. బహ్రీలో విమానం చప్పుడు వినబడితే ఏం చేసేవారో మీకు తెలుసు. ఆ చప్పుడు ఏమిటో ఎవరైనా ఆమెకు వివరంగా చెప్పారా? ఒక ఆదివారం నాన్నతో బండి మీద దుండిగల్ రోడ్డు వైపు తీసుకెళ్ళి, ఆ విమానాలు ఎక్కడి నుంచి లేస్తాయో బయటి నుంచే చూపించమనండి. రానంటే బలవంతం వద్దు.

బకెట్లు ఒక్కసారిగా లాగేసుకోకండి. మూత ఉన్న ఇరవై లీటర్ల క్యాన్లు రెండు కొని, అవి నీవి, ఎవరూ ముట్టుకోరు, మిగతావి ఇంటివి అని ఒప్పందం చేసుకోండి. వదినతో ఆ మాట పాప ఎదుటే అనిపించండి. కొన్ని వారాలకు ఒక క్యాను చాలేమో అడిగి చూడండి. తగ్గుతుంటే సరే. తగ్గకపోయినా, నిద్ర పట్టకపోయినా, చదువు జారిపోతున్నా, ఆలస్యం చేయకుండా చూపించండి. ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ ప్రభుత్వ ఆసుపత్రి, అక్కడ పిల్లలను కూడా చూస్తారు. ఎర్రగడ్డ అనగానే ముఖం చిట్లించే చుట్టాలకు చెప్పనక్కర్లేదు. ముందు ఫోన్లో మాట్లాడదామనుకుంటే టెలీ మానస్ 14416, ఉచితం, రాత్రీ పగలూ, తెలుగులో మాట్లాడతారు. ఇలాంటి భయాలకు మాట్లాడించి, మెల్లమెల్లగా అలవాటు చేయించి నయం చేసే పద్ధతులున్నాయి, అవి పనిచేస్తాయి. అన్నిటికీ మాత్రలే ఉండవు. క్లాస్ టీచర్‌కు కూడా సంగతి తెలియాలి, పరీక్ష హాలు బయట బరాత్ పటాకులు పేలితే ఆ పిల్ల ఎందుకు లేచి నిలబడిందో ఇన్విజిలేటర్‌కు అర్థం కావాలి కదా.

మీ ఆయన రాత్రి రెండింటిదాకా వీడియోలు చూడటం కూడా ఇలాంటిదే అనుకుంటున్నాను. కాపలా కాస్తున్నారు. అక్కడి సంగతి ఒక్క పూట తెలియకపోతే ఏదో జరిగిపోతుందని ఆయన లోపల ఎవరో చెబుతుంటారు. ఫోన్ లాక్కుంటే మీ మీద విసుక్కుంటారు. పాప కోసం అని అదే నంబరుకు మీరిద్దరూ కలిసి ఫోన్ చేయండి. కూతురి పేరు చెబితే కదిలే తండ్రులు తమ పేరు చెబితే కదలరు. మాటల్లో తన సంగతీ వస్తుంది.

"నేను బాగానే ఉన్నాను" అని మీ గురించి ఒక్క ముక్క రాశారు. రెండో పేజీలో మాత్రం పాస్‌పోర్టులూ సర్టిఫికెట్లూ బంగారమూ హ్యాండ్‌బ్యాగులో పెట్టి దిండు పక్కన పెట్టుకుని పడుకుంటానని రాశారు. ఆ ఫోన్లో మీ వంతు కూడా ఉంచుకోండి, అమ్మా.

పక్కింటావిడ కొడుకు సంగతి తేలికగా చెప్పేస్తాను, ఎందుకంటే ఇది మీరనుకున్నంత చిక్కు కాదు. ఇంట్లో పెట్టుకుంటారా అని ఆవిడ అడగలేదు, చదువుకు వీలుంటుందా అని అడిగారు. ఇంట్లో పెట్టుకోవడం అన్నది మీరు కలుపుకున్నారు, నీళ్ళ రుణం మనసులో ఉంది కాబట్టి. ఉస్మానియాలోనూ, ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూలోనూ సూడాన్ విద్యార్థులు ఎన్నో ఏళ్ళుగా చదువుతున్నారు. ముందు అడ్మిషన్, ఆ కాగితం మీద స్టూడెంట్ వీసా. విదేశీ విద్యార్థులకు భారత ప్రభుత్వం ఇచ్చే ఐసీసీఆర్ స్కాలర్‌షిప్పులు కూడా ఉన్నాయి, ఆ నోటిఫికేషన్లు చూసి చెప్పడం, తార్నాకలో సీనియర్లతో మాట్లాడించడం, దిగిన రోజు ఎయిర్‌పోర్టుకు వెళ్ళడం, ఇవి మీరు చేయగలరు. మీ ఇంట్లోనే కొన్నాళ్ళు ఉంచుకుంటే 24 గంటల్లో విదేశీయుల నమోదు కార్యాలయం ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓకు ఆన్‌లైన్‌లో తెలియజేయాలి, అదీ మీకు సొంతంగా ఒక ఇల్లు ఉన్నప్పుడు ఆలోచించొచ్చు. అన్నయ్య ఇంటికి ఇంకొకరిని తేవడం ఇప్పుడైతే వద్దు. ఆవిడకు "ఇంటి సంగతి చెప్పలేను, చదువు సంగతి కనుక్కుంటాను" అని నిజం చెప్పండి. ఒక డ్రమ్ము నీళ్ళు రెండిళ్ళకు కొలిచినావిడ, వీలు కానిది వీలు కాదంటే నొచ్చుకుంటారని నేననుకోను.

అత్తయ్య ఫోన్‌కు జవాబు మీరు చెప్పకండి, ఆవిడ కొడుకునే చెప్పమనండి.

యజమానికి మీ ఆయన ఈ వారమే ఒక మెసేజ్ పెట్టాలి: పాత బాకీ ఎన్ని డాలర్లని ఆయన లెక్క, అందులో సగం ఎప్పటికి పంపుతారు, కొత్త ఒప్పందం కాగితం ఎప్పుడిస్తారు. వాయిస్ మెసేజ్ వద్దు, రాసి పంపాలి, జవాబు రాసే ఇమ్మనాలి. రేపు విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాల్సి వస్తే చేతిలో ఉండాల్సింది ఆ రాతే. పాత జీతం స్లిప్పులు, బ్యాంకు మెసేజ్‌లు ఫోన్లో ఉంటే అన్నీ ఒకచోట దాచి, మీ మెయిల్‌కు కూడా పంపుకోండి. జవాబు అరబ్బీలో వచ్చి, అందులో ఏముందో పూర్తిగా తెలియకపోతే మాకు పంపండి. పేర్లు కొట్టేసి పంపినా చాలు, చదివించి చెబుతాను.